మన బ్లూ-బ్లాక్ నల్లబడలేదు, అందుకే అమ్మకం ఆపాం

మా దుకాణం పేరుతో ఇచ్చే ఫౌంటెన్ పెన్ బ్లూ-బ్లాక్ సిరా రెండు నెలలుగా ఎందుకు లేదని అడుగుతున్న పాత ఖాతాదారులందరికీ సూటిగా చెప్పేస్తున్నాం. సరుకు రాక కాదు, వచ్చిన సరుకును మేమే పక్కన పెట్టాం. చివరి దఫా సీసాల్లో ఉన్నది బ్లూ-బ్లాక్ కాదు. చూడ్డానికి రంగు అదే. కానీ రాసిన మర్నాటికి నల్లబడడం లేదు, కాగితం మీద నీళ్లు పడితే అక్షరం నిలవడం లేదు. మీ దగ్గర తెల్ల మూత ఉన్న 60 మి.లీ. సీసా ఉంటే అది ఆ దఫాదే. నల్ల మూత సీసాలు పాతవి, వాటికి ఏ ఇబ్బందీ లేదు.

రంగు ఒకటే అయినప్పుడు ఇంత పట్టుదల దేనికని కొందరు అడిగారు. బ్లూ-బ్లాక్ అంటే నీలానికీ నలుపుకూ మధ్య ఉండే రంగు కాదు. నీలంగా రాసి నల్లగా మారే సిరాకు పుట్టిన పేరది. అందులో ఉండేది అన్నభేది అనే ఇనుప లవణం, మాచికాయ నుంచి వచ్చే టానిన్ అనే వగరు పదార్థం, కొంచెం ఆమ్లం, కాస్త నీలం రంగు. సీసాలో ఉన్నంతసేపు ఇనుము ఆమ్లంలో కరిగి ఉంటుంది. దానికి చెప్పుకోదగ్గ రంగు ఉండదు. రాసేటప్పుడు అక్షరం కళ్లకు కనబడాలి కాబట్టి నీలం కలుపుతారు. కాగితం మీదికి వచ్చి గాలి తగిలాక ఇనుము టానిన్‌తో కలిసి నీళ్లలో కరగని నల్లని పదార్థంగా కాగితపు పీచులోనే ఘనీభవిస్తుంది. ఆ తర్వాత నీలం వెలిసిపోయినా, నీళ్లలో కొట్టుకుపోయినా నలుపు అక్కడే ఉంటుంది. లండన్‌లో హెన్రీ స్టీఫెన్స్ 1830ల్లో అమ్మిన సిరా ఈ రకమే.

ఇది మనకు కొత్త విద్యేమీ కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను ముందు కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరబెడతారు. తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి తీసిన ద్రవంతో దాని మీద గీస్తారు. కలం తాకిన చోటల్లా గీత నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్‌కూ ఆ ఇనుముకూ జరిగే పనే మన సిరాలోనూ జరుగుతుంది. తేడా ఒక్కటే, అక్కడ రెండూ గుడ్డ మీద కలుస్తాయి, ఇక్కడ సీసాలోనే కలిసి ఉండి గాలి కోసం ఎదురుచూస్తాయి.

మాకు సిరా చేసి ఇచ్చే ఆయన మానేసింది సరిగ్గా ఈ ఇనుమునే. ఇనుప సిరా కలిపిన రోజే సీసాల్లోకి ఎక్కదు. వారాల తరబడి నిలవ ఉంచి, అడుగుకు దిగిన మడ్డిని వదిలేసి, పైతేటను మాత్రమే వడగట్టాలి. ఆమ్లం ఉంటుంది కాబట్టి ఇనుప పీపాలు, ఇత్తడి కుళాయిలు పనికిరావు. రంగు సిరాకు ఆ బాధ లేదు. ఒక నీలం పొడి, ఒక నలుపు పొడి, డిస్టిల్డ్ వాటర్, బూజు పట్టకుండా మందు వేసి కలిపితే సాయంత్రానికి సీసాలు సిద్ధం. ఖర్చు తగ్గుతుంది, అది మాకూ తెలుసు. పెద్ద కంపెనీల్లో కొన్ని ఈ రకం వదిలేసి రంగు సిరాకు మారాయి. మారడం తప్పని మేం అనం. మాతో ఒక్క మాట చెప్పకుండా, "రాస్తే చెరగదు" అని మేం అచ్చు వేయించిన లేబుల్‌నే ఆ సీసాకు అంటించడం తప్పు. అడిగితే "రంగు తేడా రాలేదు కదండీ, ఎవరు చూస్తారు" అన్నారు. మీరు చూశారు. దస్తావేజులు రాసే ఒకాయన, ఒక లెక్కల మాస్టారు కాగితాలు పట్టుకొచ్చి చూపించారు. సీసా మీద ఉన్నది మా పేరు, ఆయన పేరు కాదు. ఆ సరుకు ఆయనకు వాపసు పంపేశాం. మళ్లీ ఆయన దగ్గర కొనం. ధర తగ్గిస్తానని రెండుసార్లు కబురు పెట్టారు, అయినా కొనం.

మీ దగ్గరున్న సీసా ఏ రకమో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మామూలు నోటు పుస్తకం కాగితం మీద నాలుగు లైన్లు రాసి 24 గంటలు వదిలేయండి. మర్నాడు అప్పుడే రాసిన లైను పక్కన పెట్టి పోల్చండి. ఇనుప సిరా అయితే పాత లైను స్పష్టంగా ముదురుతుంది. తర్వాత కాగితాన్ని పళ్లెంలో నీళ్లు పోసి అరగంట నానబెట్టండి. నీళ్లు నీలమైతే కంగారు పడకండి, ఆ నీలం పోవాల్సిందే. కాగితం ఆరాక బూడిద నలుపులో అక్షరం చదవగలిగితే అది అసలు సిరా. అక్షరం మాసిపోయి మరక మిగిలితే రంగు సిరా. రాసిన వెంటనే నీళ్లు పోసి చూడకండి. గాలి సోకడానికి సమయం ఇవ్వకపోతే మంచి సిరా కూడా ఓడిపోతుంది. ఎండకు ఆగుతుందో లేదో చూడాలంటే రాసిన పట్టీ సగం మీద అల్యూమినియం రేకు చుట్టి, ఎండ పడే కిటికీకి 15 రోజులు అంటించి ఉంచండి. రేకు తీస్తే రెండు సగాల తేడా తెలిసిపోతుంది.

మేం అసలు నలిగిపోయింది వాపసు పంపిన సిరా స్థానంలో ఏం పెట్టాలన్న దగ్గర. మూడు దారులు కనబడ్డాయి.

మంచి రంగు సిరా తెచ్చి నిజాయితీగా రంగు సిరా అని చెప్పి అమ్మడం ఒకటి. పైలట్ బ్లూ-బ్లాక్ అలాంటిదే. రంగు సిరాల్లో నీళ్లకు కాస్త గట్టిగా నిలుస్తుంది కూడా. ఏ పాళీకీ హాని లేదు, పెన్నులో ఎండిపోయినా నీళ్లలో నానబెడితే కదులుతుంది. రోజూ బళ్లో నోట్సు రాసుకునే పిల్లలకు ఇదే మంచిది, మేమూ ఇదే ఇస్తాం. కానీ పదేళ్ల తర్వాత తీసి చూసే కాగితానికి ఇది చాలదు. వెలుతురు తగిలే కొద్దీ రంగు తేలిపోతుంది, కొన్ని రకాల్లో చివరికి బూడిద ఛాయ మిగులుతుంది.

రెండోది పిగ్మెంటు సిరా, సైలర్ వాళ్ల సేబోకు లాంటిది. ఇందులో రంగు కరిగి ఉండదు, అతి సన్నని నలుసులుగా తేలుతూ ఉంటుంది. నీళ్లకూ ఎండకూ లొంగదు, పాళీని తినదు. దీని దగ్గరే ఎక్కువ రోజులు ఆగిపోయాం. నిజం చెప్పాలంటే చెరగకపోవడంలో ఇది ఇనుప సిరాకు తీసిపోదు. అడ్డొచ్చింది మన పెన్నులే. రాజమండ్రిలో చేత్తో చేసే ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్నులు ఎక్కువగా డ్రాపర్‌తో నింపేవి, చాలావాటి మూత లోపల గాలి ఆగేలా రెండో తొడుగు ఉండదు. మే నెల ఎండలో వారం రోజులు రాయకుండా పెడితే పాళీ కింద ఉన్న ఫీడ్ గాడిలో నలుసు ఎండి గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడ్డాక ఉత్త నీళ్లకు కరగదు. పాళీ, ఫీడ్ పీకి మెత్తని బ్రష్‌తో గాడి తోమాలి. అలవాటు లేని చేతిలో పాళీ వంగిపోతుంది. మూత బిగువుగా ఉండి, రోజూ రాసే కన్వర్టర్ (సిరాను లోపలికి పీల్చే చిన్న పంపు) పెన్ను ఉన్నవాళ్లు అడిగితే తెప్పించి ఇస్తాం. అందరికీ ఇచ్చే సీసాగా మాత్రం పెట్టలేం.

మూడోది మళ్లీ ఇనుప సిరానే. పెలికాన్ 4001 బ్లూ-బ్లాక్, ప్లాటినం బ్లూ-బ్లాక్, రోరర్ అండ్ క్లింగ్నర్ సాలిక్స్, డయామిన్ రిజిస్ట్రార్స్ ఈ కుటుంబమే. ఇందులోనూ ఘాటైనవి, మెత్తనివి ఉన్నాయి. ఘాటైన దాంట్లో ఇనుమూ ఆమ్లమూ ఎక్కువ, కొన్ని గంటల్లోనే నల్లబడుతుంది. కానీ పూత లేచిన పాళీని తినేస్తుంది. మెత్తనిది ఒక రోజు తీసుకుంటుంది, పెన్నును బతకనిస్తుంది. మేం మెత్తనిదే ఎంచుకున్నాం, వేరే తయారీదారుతో చేయిస్తున్నాం. ప్రతి దఫా నుంచి మూడు సీసాలు తెరిచి, పైన చెప్పిన నీళ్ల పరీక్ష చేశాకే అల్మరాలోకి ఎక్కిస్తాం. ఆ పరీక్ష కాగితాలు కౌంటర్ మీదే ఉంటాయి, ఎవరైనా చూడొచ్చు.

ఇక కొత్త సీసా సంగతి. 60 బదులు 30 మి.లీ. చేశాం. గిట్టుబాటు కోసం చేసింది కాదు. మూత తీసిన ప్రతిసారీ గాలి లోపలికి వెళ్లి సీసాలోనే నల్లబడడం మొదలవుతుంది. పెద్ద సీసా సగానికి వచ్చేసరికి అడుగున మడ్డి చేరుతుంది. నింపిన నెల, సంవత్సరం లేబుల్ మీద ఉంటుంది. అడుగున మడ్డి కనబడితే కుదిపి కలపకండి, పైతేట వాడుకుని మిగతాది పారేయండి. పెన్నులో మిగిలిన సిరాను తిరిగి సీసాలో పోయకండి. లూజు సిరా అమ్మకం కూడా ఇదే కారణంతో ఆపేశాం. ఇంటి నుంచి తెచ్చుకునే బుడ్డిలో వేరే సిరా చుక్క ఉన్నా ఇనుము విరిగి ముద్దవుతుంది.

బంగారు పాళీకి, మంచి స్టెయిన్‌లెస్ స్టీల్ పాళీకి, ఎబొనైట్ బ్యారెల్‌కు ఈ సిరాతో భయం లేదు. బంగారు పూత లేచిపోయిన చవక పాళీ ఉన్నా, సిరా తగిలే చోట ఇత్తడి ముక్క ఉన్నా కొనకండి, మేమూ ఇవ్వం. లోపల కనబడే పారదర్శక బ్యారెల్‌కు మరక పడుతుంది. మరొకటి, ఈ సిరా పొడిగా పారుతుంది, అంటే పాళీ నుంచి తక్కువగా దిగుతుంది. చౌక కాగితం మీద అక్షరం పీచులు పట్టకుండా సన్నగా నిలవడానికి ఇది మంచిదే. కానీ ముందే తక్కువగా దిగే సన్న పాళీలో గీత తెగుతుంది. అలాంటి పెన్ను తీసుకొస్తే పాళీ చీలిక కొద్దిగా వదులు చేసి ఇస్తాం, మా సీసా కొన్నవాళ్లకు డబ్బు తీసుకోం.

నింపే ముందు పాత సిరా ఆనవాలు లేకుండా కడగాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, పాళీని టిష్యూ కాగితం మీద ఆనించి రాత్రంతా వదిలేయండి. బోరు నీళ్లు వద్దు, అందులోని సున్నం ఇనుమును విరగ్గొడుతుంది. ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్లు గానీ, మెకానిక్ షాపుల్లో దొరికే బ్యాటరీ వాటర్ (డిస్టిల్డ్ వాటర్, బ్యాటరీ ఆసిడ్ కాదు) గానీ వాడండి. వేడి నీళ్లు ఎబొనైట్ రంగును చెడగొడతాయి. డ్రాపర్ పెన్నైతే బ్యారెల్ బిగించే మర చుట్లకు సిలికాన్ గ్రీజు పలచగా రాసి నిండా నింపండి. మూడో వంతుకు వచ్చిందంటే మళ్లీ నింపాల్సిందే. లేకపోతే చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి కాగితం మీద బొట్టు పడేస్తుంది.

నెలకోసారి కడగడం తప్పనిసరి. నల్లగా పొర కట్టిందనిపిస్తే విటమిన్ సి వాడండి: ఒక గ్రాము ఆస్కార్బిక్ ఆసిడ్ పొడి, 100 మి.లీ. నీళ్లు, పాళీ భాగం మాత్రం ఒక గంట నానబెట్టడం, ఆపైన ఉత్త నీళ్లతో నాలుగైదుసార్లు కడగడం. గట్టిపడ్డ ఇనుమును అది మళ్లీ కరిగేలా చేస్తుంది. చప్పరించే నారింజ బిళ్లలు పనికిరావు, వాటిలో చక్కెరా రంగూ ఉంటాయి. అమోనియా కలిసిన పెన్ క్లీనర్‌ను ఈ సిరా ఉన్న పెన్నులో పోయకండి, ఇనుము తుప్పుగా పేరుకుంటుంది.

తెల్ల మూత సీసాలు సగం వాడినా, అడుగంటినా తీసుకురండి. రసీదు అక్కర్లేదు. పూర్తి డబ్బు గానీ, రెండు కొత్త 30 మి.లీ. సీసాలు గానీ మీ ఇష్టం. ఆ సిరాతో ముఖ్యమైన కాగితం ఏదైనా రాసి ఉంటే తడి తగలనివ్వకండి, ఎండలో పెట్టకండి, వీలైతే ఈ నెలలోనే కొత్తగా రాసుకోండి. దస్తావేజుల వాళ్లకూ, రికార్డు పుస్తకాలు రాసే మాస్టార్లకూ ముందుగా 20 సీసాలు పక్కన పెట్టాం. మిగతావి సోమవారం నుంచి కౌంటర్ మీద ఉంటాయి.