డీఎన్‌ఏ కిట్ సరే, రికార్డు గది తాళం తీసేదెప్పుడు?

సంపాదకులకు నమస్కారం.

వంశ చరిత్ర కోసం డీఎన్‌ఏ పరీక్ష చేయించుకునే అలవాటు సీమ జిల్లాల దాకా వచ్చిందని మీ ఆదివారం సంచికలో రాశారు. నిజమే, ఇక్కడ కర్నూలులోనూ చూస్తున్నాం. అమెరికా నుంచి వచ్చేటప్పుడు కొడుకో కూతురో కిట్ తెస్తారు, పెద్దాయన చేత గొట్టంలో ఉమ్మి వేయించి తీసుకుపోతారు. కొన్ని వారాలకు ఫోన్‌లో రిపోర్టు వస్తుంది, దక్షిణ భారతం ఇంత శాతం అని. కోడుమూరులో పుట్టి కర్నూలులో స్థిరపడిన మనిషికి ఈ సంగతి చెప్పించుకోవడానికి డాలర్లు కట్టాలా?

శాతాల మాట వదిలేద్దాం. మీ వ్యాసంలో చెప్పకుండా వదిలేసిన విషయం ఒకటి ఉంది. రిపోర్టులో చుట్టాల జాబితా కూడా ఇస్తారు కదా, మన దగ్గర తేడా కొట్టేది అక్కడే. ఒకే తల్లిదండ్రుల బిడ్డలకు డీఎన్‌ఏలో సుమారు సగం కలుస్తుంది, పెదనాన్న బిడ్డలతో సగటున 12.5 శాతం కలుస్తుంది. ఎంత కలిసిందో చూసి ఎన్ని తరాల దూరమో లెక్క కడతారు. తల్లి వైపు వాళ్లకూ తండ్రి వైపు వాళ్లకూ ముందు నుంచి చుట్టరికం లేదనుకుంటేనే ఆ లెక్క సరిపోతుంది. మన ఇళ్లలో అలా ఎక్కడుంది? అక్క కూతురిని చేసుకున్నవాడి బిడ్డలకు నాన్న వైపు తాతే అమ్మ వైపు ముత్తాత. ఒకే మనిషి రక్తం రెండు దారుల్లో వచ్చి చేరుతుంది. నాలుగైదు తరాలు మేనరికాలు నడిచిన ఇంట్లో ఎప్పుడో విడిపోయిన దూరపు చుట్టం కూడా దగ్గరివాడిలా కనిపిస్తాడు. అది నమ్మి ఎవరెవరికో ఫోన్లు చేసి వరసలు కలుపుకుంటున్నారు.

ఇంటిపేరు సంగతీ అంతే. తండ్రి నుంచి కొడుక్కి వై క్రోమోజోమ్ వస్తుంది, ఇంటిపేరూ వస్తుంది, కాబట్టి రెండూ కలిసే నడుస్తాయనుకుంటారు. మగపిల్లలు లేక కూతురి కొడుకునే దత్తత తెచ్చుకున్న ఇళ్లు మన పల్లెల్లో తక్కువేం కాదు. అక్కడ ఇంటిపేరు తాతది, క్రోమోజోమ్ అల్లుడిది. దత్తత సంగతి పిల్లలకు చెప్పని ఇళ్లూ ఉన్నాయి. ఆ సంగతి ఒక రిపోర్టులో బయటపడి, పొలం పంపకాల దాకా పోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పిల్లల డీఎన్‌ఏ పరీక్షకు మామూలుగా ఆదేశాలు ఇచ్చెయ్యకూడదని సుప్రీంకోర్టు 2023లో కూడా చెప్పింది. కోర్టులే అంత జాగ్రత్త పడుతుంటే మనం సరదాకి గొట్టంలో ఉమ్మి పంపేస్తున్నాం.

ఈ సైన్సు దండగని నేననడం లేదు. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లు అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి 2009లో ప్రచురించిన పరిశోధనలో, మన వైశ్యులు వంద తరాలకు పైగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చారని తేలింది. ఆపరేషన్‌కు ముందు ఇచ్చే కండరాలను సడలించే ఒక రకం మందు వాళ్లలో కొందరికి పడదు. ఆ లోపం వాళ్లలో ఎక్కువ. ప్రొద్దుటూరు లాంటి ఊళ్లో ఒక మత్తు డాక్టరుకు ఈ ముక్క తెలిసి ఉంటే ప్రాణం నిలుస్తుంది. ఇది ఆస్పత్రికి పనికొచ్చే జ్ఞానం. మా ముత్తాత ఏ ఊరి నుంచి వచ్చాడని అడిగితే మాత్రం డీఎన్‌ఏ జవాబు చెప్పదు.

ఆ జవాబు ఉన్నది తాలూకా రికార్డు గదుల్లో. రెవెన్యూలో పనిచేసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను. ఆర్‌ఎస్‌ఆర్‌లో, అంటే పాత భూమి సర్వే, శిస్తు సెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో, ఆనాటి పట్టాదారు పేరు ఉంటుంది. 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టర్ తెరిస్తే మాన్యం ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, అప్పుడు అనుభవిస్తున్నవాడు అసలు మాన్యదారుకు ఏమవుతాడు అన్నదంతా ఉంటుంది. భూస్వాముల చరిత్రే కదా అనొద్దు. తలారి, వెట్టి, నీరుగంటి లాంటి ఊరి పనివాళ్ల మాన్యాలు కూడా అందులోనే ఉన్నాయి. ఆడవాళ్ల పేర్లు కావాలంటే సబ్‌ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత వాల్యూములు చూడాలి. పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూముల దస్తావేజుల్లో అవ్వ పేరు, ఆమె తండ్రి పేరు, పుట్టింటి ఊరు మూడూ దొరుకుతాయి. జమ్మలమడుగు, గుత్తి వైపు లండన్ మిషన్ చర్చిల బాప్తిస్మ రిజిస్టర్లు ఇంకొక దారి. సెంటు భూమి కూడా లేని కుటుంబాలకు చాలాసార్లు అదొక్కటే దారి.

వీటికి పట్టిన గతి చూస్తే బాధేస్తుంది. 1984లో కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు కొందరు రికార్డులు అప్పగించారు, కొందరి ఇళ్ల అటకల మీదే ఉండిపోయాయి. 2009 అక్టోబరు వరదలో కర్నూలులో ఎన్ని ఇళ్ల దస్తావేజులు బురదపాలయ్యాయో లెక్కే లేదు. శ్రీశైలం ముంపులో పోయిన ఊళ్లవాళ్లకు చూపించుకోవడానికి ఊరు లేదు, ఏమైనా మిగిలి ఉంటే ఆ కాగితమే. ఉన్నవాటిని చెదలు తింటున్నాయి. ధాత కరువులో, అంటే 1876 నుంచి 78 మధ్య, ఊళ్లు వదిలి వచ్చామని చెప్పుకునే కుటుంబాలు సీమలో ఎన్నో ఉన్నాయి. ఏ ఊరు వదిలారో నోటితో చెప్పగలిగిన తరం వెళ్లిపోయింది. ఇంటింటికీ వచ్చి వంశావళి పాడిన పిచ్చిగుంట్లవాళ్లు, ఇప్పుడు వంశరాజ్‌లంటున్నారు, వాళ్లలోనూ ఆ పాట వచ్చినవాళ్లు కొద్దిమందే.

కిట్ కొనేవాళ్లకు ఒక్క మాట. మీ ఉమ్మిలో మీ అన్నదమ్ముల డీఎన్‌ఏ, మీ పిల్లల డీఎన్‌ఏ కూడా కొంత ఉంది, కాబట్టి వాళ్లనూ అడిగి పంపండి. 23అండ్‌మీ అనే పెద్ద కంపెనీలో 2023లో సుమారు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. మన దేశంలో 2019 నాటి డీఎన్‌ఏ బిల్లును 2023లో వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది వచ్చిన డేటా రక్షణ చట్టం జన్యు సమాచారానికి ప్రత్యేక రక్షణ ఏదీ పెట్టలేదు.

ప్రభుత్వాన్ని కోరేది ఇదీ. ప్రభుత్వ వెబ్‌సైటు మీభూమిలో ఇప్పటి అడంగల్ చూసుకోవచ్చు, ఆస్తి లావాదేవీలు చూపే ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతోంది. అంతకు ముందువి చాలా వరకు గదుల్లోనే ఉన్నాయి. నూరేళ్లు దాటిన రిజిస్టర్లతో మొదలుపెట్టి, సీమ పాత జిల్లాల రికార్డులను స్కాన్ చేయించి, ఊరి పేరుతో వెతుక్కునేలా పెట్టాలి. కంపెనీ కాలంలో కల్నల్ మెకంజీ రాయించిన కడప కైఫీయతులను, అంటే ఊళ్ల చరిత్రలను, అచ్చు వేసిన సి.పి. బ్రౌన్ గ్రంథాలయం కడపలోనే ఉంది. పాత లిపి చదవగలిగినవాళ్లను పోగుచేసి, ఈ పని వాళ్లకు అప్పగించవచ్చు. ఉచితంగా ఇవ్వమని ఎవరూ అడగరు. సర్టిఫైడ్ కాపీకి తీసుకునే రుసుమే తీసుకోండి. కిట్టుకు డాలర్లు పెట్టేవాడు ఆ మాత్రం కట్టలేడా?

— విశ్రాంత డిప్యూటీ తహసీల్దారు, కర్నూలు