తుపాకీ కొనే ముందు పిల్లల కొలతలు తీయించండి

సంపాదకులకు నమస్కారం.

షూటింగ్ నేర్చుకుంటున్న పిల్లల గురించి మీ జిల్లా పేజీలో ఈమధ్య వచ్చిన కథనం చదివాను. లక్షలు పెట్టి తుపాకులు కొనలేక మన పిల్లలు వెనకబడుతున్నారని అందులో రాశారు. డబ్బు ఇబ్బంది ఉన్న మాట నిజమే, కాదనను. కానీ పిల్లలు సాధన చేసే షూటింగ్ రేంజ్‌లో నా కళ్లెదుట జరుగుతున్నది ఇంకొకటి ఉంది. అప్పుచేసి మరీ కొన్న తుపాకీ ఒంటికి కుదరక, కుదిర్చిపెట్టే మనిషి దొరకక పిల్లలు నష్టపోతున్నారు. నేను పోలీసు శాఖలో ఆర్మరర్‌గా చేసి రిటైరయ్యాను. సర్వీసంతా తుపాకులు విప్పడం, బిగించడం, బాగుచేయడమే నా పని. ఇప్పుడు ఆదివారాలు హనుమకొండలో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకునే పిల్లల తుపాకులు చూసిపెడుతుంటాను. ఆ అనుభవంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ ఆట ఎంత సూక్ష్మమో తెలిస్తే తప్ప నా బాధ అర్థం కాదు. నిలబడి, పది మీటర్ల దూరంలో ఉన్న టార్గెట్‌ను కొట్టాలి. టార్గెట్ మధ్యలో పదికి ఉన్న చుక్క వెడల్పు 0.5 మిల్లీమీటర్లు. తుపాకీలోంచి వచ్చే చిన్న గుండు, అంటే పెల్లెట్ మందం 4.5 మిల్లీమీటర్లు కాబట్టి దాని అంచు చుక్కకు తగిలినా 10.0 వస్తుంది, అంటే కేంద్రం నుంచి రెండున్నర మిల్లీమీటర్లు జరిగినా ఫర్వాలేదు. అయితే ఇప్పుడు లెక్క దశాంశాల్లో ఉంటుంది. 10.9 రావాలంటే కేంద్రానికి పావు మిల్లీమీటరు లోపల తగలాలి. ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద అరవై షాట్లకు గంటా పావు సమయం. అంతసేపూ ఆ తుపాకీని పిల్లలు చేతులతో కాదు, ఎముకల మీద మోయాలి. కండరాలతో మోస్తే ఇరవయ్యో షాటుకే వణుకు మొదలవుతుంది.

2012లో లండన్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ ఈ పోటీలోనే కాంస్యం తెచ్చాడు. వినికిడి లోపాన్ని లెక్కచేయని హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో (వినికిడి లోపమున్న క్రీడాకారుల ఒలింపిక్స్) ఇదే పోటీలో స్వర్ణం గెలిచాడు. వాళ్లను చూసి ఎంతోమంది తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకొచ్చారు. రాగానే అడిగే మొదటి ప్రశ్న, "ఏ కంపెనీది కొనమంటారు సార్?" అని. ఫైన్‌వెర్క్‌బావా, వాల్తెరా, ఆన్షూట్జా అంటూ పేర్లన్నీ చదువుకునే వస్తారు. మూడూ మంచివే. ఏదైనా రెండు మూడు లక్షల పైమాటే. నేను మాత్రం ముందు పిల్లవాణ్ణి నిలబెట్టి చూపించమంటాను. ఏ కన్నుతో గురి చూస్తాడు, ఏ చేతివాటం, భుజం నుంచి మోచెయ్యి ఎంత, మోచెయ్యి నుంచి తుంటి ఎంత అని చూడాలి. ఎడమచేతివాటం పిల్లలకు కుడిచేతి తుపాకీ అంటగట్టడం నేను చాలాసార్లు చూశాను. ఎదుగుతాడులే అని రెండు సైజులు పెద్ద చొక్కా కొన్నట్టు పదకొండేళ్ల పిల్లకు పెద్దవాళ్ల తుపాకీ కొంటున్నారు. నిబంధన ప్రకారం తుపాకీ బరువు 5.5 కిలోల వరకు ఉండొచ్చు. ఉండొచ్చు అన్నారే గానీ ఉండాలని ఎవరూ అనలేదు. జూనియర్ మోడళ్లు తేలికగా వస్తాయి. అవి కొనండి, లేదా రేంజ్‌లో ఉన్న తుపాకీతోనే మొదటి ఏడాది గడపండి.

కుదర్చడం అంటే ఏమిటో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది ఎవరూ చెప్పడం లేదు. తుపాకీ పట్టుకోకముందే పాదాలు, నడుము, తల ఎలా ఉంటే హాయిగా నిలబడగలరో చూడాలి. ఆ నిలబాటుకే తుపాకీ రావాలి గానీ తుపాకీ దగ్గరకు పిల్ల వంగకూడదు. కుడిచేతివాటం వాళ్లకు ఎడమ మోచెయ్యి తుంటి ఎముక మీద, లేదా దానికి దగ్గరగా ఆనాలి. భుజానికి ఆనే బట్ ప్లేట్ పొడుగైతే ఆ మోచెయ్యి అక్కడికి చేరదు. చేరదీయడానికి పిల్ల వెనక్కి వాలుతుంది. బరువంతా నడుం మీద పడుతుంది. నడుం నొప్పని ఆట మానేసిన ఆడపిల్లలు మా ఊళ్లోనే ఉన్నారు. ఆ బట్ ప్లేట్‌ను కాస్త లోపలికి జరిపి, ముందుచేయి కింద ఎత్తు పెంచి ఉంటే వాళ్లు ఇవాళ కూడా ఆడుతుండేవారు. ఆలెన్ కీతో పది నిమిషాల పని అది.

తర్వాత చెంప. చెంప ఆనించే చీక్ పీస్ తక్కువ ఎత్తులో ఉంటే పిల్లలు తల వాల్చి, కనుబొమ్మల కిందనుంచి చూస్తారు. మెడ లాగుతుంది, చూపు అలసిపోతుంది. తల నిటారుగా ఉంచి చీక్ పీస్‌ను పైకి తేవాలి, అవసరమైతే గురిచూసే సైట్ల కింద దిమ్మలు వేసి వాటినీ ఎత్తాలి. ఇక్కడికి వచ్చాక కళ్లు మూసుకుని రెండు మూడుసార్లు ఊపిరి పీల్చి వదలమంటాను. కళ్లు తెరిచేసరికి గొట్టం ఎటు పోయిందో చూడాలి. పక్కకు పోతే చేత్తో లాక్కురాకూడదు, పాదాలు జరపాలి. ప్రతి పోటీకి ముందూ చేయాల్సిన పని ఇది. ముందు సైట్‌లోని రింగ్ విషయంలోనూ జాగ్రత్త. చిన్న రింగ్ పెడితే గురి బాగా కుదురుతుందని పిల్లల నమ్మకం. నిజానికి నల్ల గుండ్రం చుట్టూ తెల్లటి వెలుగు ధారాళంగా కనిపించే రింగ్ పెడితేనే మనసు కుదురుగా ఉంటుంది, పిల్లలు షాటును వెంటాడరు. ట్రిగ్గర్‌కు ఎయిర్ రైఫిల్‌లో కనీస బరువు నిబంధన లేదు. పిస్టల్‌కైతే 500 గ్రాములు ఉండాలి. నిబంధన లేదు కదా అని సీనియర్లు ఊదితే పేలేలా పెట్టుకుంటారు. నేర్చుకునేవాళ్లకు అది వద్దు. వేలికి ఆగినచోటు తెలిసేంత బరువు ఉంచండి.

కుదిరాక ప్రతి కొలతా పుస్తకంలో రాసిపెట్టుకోవాలి. పిల్లలు ఎదుగుతారు, మూణ్నాలుగు నెలలకోసారి మళ్లీ చూడాలి. ఇంట్లో ప్రాక్టీసు చేయించేవాళ్లు టార్గెట్ మధ్యభాగం నేల నుంచి 1.40 మీటర్ల ఎత్తులో ఉండేలా చూడండి. వసారా గోడకు కిందెక్కడో అతికిస్తే, వారమంతా నేర్చింది ఆ ఒక్క గంటలో పోతుంది.

ఇక దుస్తుల సంగతి. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే. షూటింగ్ జాకెట్ మందం నిబంధన ప్రకారం 2.5 మిల్లీమీటర్లు దాటకూడదు. గుడ్డ మరీ బిరుసుగా ఉండకూడదు. పరికరం పెట్టి నొక్కితే కనీసం 3 మిల్లీమీటర్లు దిగాలి. బూట్ల అడుగు వంగాలి, మామూలుగా నడవగలగాలి. మన దగ్గర పిల్లలు చాలామంది సీనియర్ల దగ్గర పాత జాకెట్లు కొనుక్కుంటారు. అందులో తప్పేమీ లేదు. కానీ అవి పాసవుతాయో లేదో ఎవరూ ముందుగా చూడరు. ఆమధ్య ఒక పోటీకి మా అమ్మాయిల్లో ఒకరు వెళ్లింది. అంతకుముందు చిన్న పోటీల్లో ఎవరూ మందం కొలిచే గేజ్ పెట్టి చూడలేదు. అక్కడ మాత్రం పోటీ రోజు పొద్దున్నే జాకెట్ కొలిచి, కుదరదన్నారు. కొలిచినవాళ్ల తప్పు లేదు, నిబంధన నిబంధనే. ఆ పిల్ల చెమటతో, ఏడుపుతో, మామూలు టీషర్టు మీద అరవై షాట్లూ కొట్టింది. ఆ టెన్షన్‌లో స్కోరు ఏమవుతుందో మీరే ఊహించండి. ముందురోజు సాయంత్రం కొలిచి ఉంటే ఇంకో జాకెట్ అడిగి తెచ్చుకునేది.

పరికరం మొండికేస్తే ఎంత నష్టమో దేశమంతా చూసింది. 2021 జులైలో టోక్యో ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీ మధ్యలో మను భాకర్ పిస్టల్ పాడైంది. బాగుచేసుకునేసరికి విలువైన నిమిషాలు పోయాయి. 575 పాయింట్లతో పన్నెండో స్థానంలో ఆగింది, రెండు పాయింట్ల తేడాతో ఫైనల్ తప్పింది. అదే అమ్మాయి అదే పోటీలో 2024లో పారిస్‌లో కాంస్యం గెలిచింది. జాతీయ జట్టుకే అంత కష్టం వస్తే, స్క్రూడ్రైవర్ పట్టుకునే దిక్కు కూడా లేని మన జిల్లా పిల్లల సంగతేమిటి?

సెకండ్ హ్యాండ్ తుపాకీ కొనేవాళ్లకు రెండు మాటలు. గాలి సిలిండర్ మీద తేదీ చూడండి. మామూలుగా పదేళ్ల గడువు ఉంటుంది, దాటితే పోటీలో ఒప్పుకోరు, ప్రమాదం కూడా. రెండు వందల బార్ల ఒత్తిడితో ఉండే గాలి అది. నింపేటప్పుడు నెమ్మదిగా నింపాలి. మర మీద, వాల్వ్ దగ్గర నూనె చుక్క కూడా పడకూడదు. ఆక్సిజన్ సిలిండర్ నుంచి ఎట్టి పరిస్థితుల్లోనూ నింపకూడదు, పేలిపోతుంది. పెల్లెట్లు సీసంతో చేసినవి. నోట్లో పెట్టుకోనివ్వకండి, ప్రాక్టీసు అయ్యాక తినేముందు చేతులు సబ్బుతో కడిగించండి. పెల్లెట్ తలకాయ సైజు 4.49, 4.50 అంటూ రకరకాలుగా ఉంటుంది. ఏది మీ గొట్టానికి సరిపడుతుందో తుపాకీని బిగించి, ఐదేసి షాట్లు కొట్టి చూస్తేనే తెలుస్తుంది. ఐదూ కలిసి ఒకే బెజ్జంలా కనబడే డబ్బా దొరికితే అదే బ్యాచ్ నంబరువి కొని పెట్టుకోండి. లోపల పెల్లెట్ లేదని చూపడానికి గొట్టం నిండా సాగే సేఫ్టీ ఫ్లాగ్ లేకుండా తుపాకీని రేంజ్‌లో బల్ల మీద పెట్టనివ్వకండి. గడ్డి కోసే మిషన్‌కు వాడే రంగు నైలాన్ తీగ ముక్క చాలు, పది రూపాయలు కాదు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. జిల్లా, రాష్ట్ర పోటీలకు ముందురోజు సాయంత్రం దుస్తులు, తుపాకులు కొలిచి చూసే ఏర్పాటు ఉండాలి. ఆ గేజులు జిల్లా కేంద్రాల్లోనూ ఉంచాలి, పిల్లలు ఎప్పుడైనా వచ్చి చూసుకునేలా. ప్రతి పోటీకి ఒక ఆర్మరర్‌ను కూర్చోబెట్టాలి. పోలీసు శాఖ నుంచి, సైన్యం నుంచి రిటైరైనవాళ్లం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాం. పిలిస్తే వస్తాం. క్రీడాశాఖలు జిల్లా స్టేడియాల్లో కొన్ని జూనియర్ తుపాకులు కొని ఉంచాలి, వాటిలో ఎడమచేతివి కూడా ఉండాలి. ఇక మీ పత్రికకు ఒక విన్నపం. పోటీల సీజన్‌కు ముందు ఈ పరికరాల నిబంధనలను తెలుగులో ఒక పేజీగా వేయండి. ఇవన్నీ ఇంగ్లీషులోనే ఉండటంతో పొలం పనులు, చిన్న దుకాణాలు చేసుకునే తల్లిదండ్రులు అమ్మేవాడి మాట నమ్మి డబ్బు పోగొట్టుకుంటున్నారు. పేజీ వేస్తామంటే అందులో సాంకేతిక విషయాలు సరిచూసి పెట్టే పని నేను చేస్తాను. హనుమకొండలో ఒకరోజు శిబిరం పెట్టినా నా పనిముట్లు తీసుకుని వస్తాను. దానికి డబ్బేమీ ఇవ్వనక్కర్లేదు.

ఇట్లు,
విశ్రాంత పోలీస్ ఆర్మరర్,
హనుమకొండ