గుర్రపు లాయాల రుసుములో ఏమేమి కలిసి ఉన్నాయో రాసి ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారములు.

మాళెగాం ఖండోబా జాతరలో గుర్రాన్ని కొనడం నాందేడ్ జిల్లావాసులకు కొత్త కాదు. కొన్న తరువాత దానిని ఎక్కడ కట్టాలన్నదే ఇప్పటి చిక్కు. దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ పట్టణాలలో పెరడున్న ఇళ్ళు తగ్గిపోవడంతో, పెళ్ళి బరాత్‌లకు గుర్రాన్ని పంపి సంపాదించుకునే మాబోటివారు, పిల్లల స్వారీ ముచ్చట కోసం కొన్నవారు కూడా నెలకింత అని చెల్లించి ఊరి చివరి లాయాలలో ఉంచుతున్నారు. ఆ లాయాల ధరలను సరిగా పోల్చుకునే వీలు లేకపోవడం గురించే ఈ లేఖ.

నేను విచారించిన లాయాలలో ఒకరు నెలకు 7,000 రూపాయలు, మరొకరు 11,000 రూపాయలు చెప్పారు. మొదటిది చవక అనిపించింది. తీరా అడిగితే అందులో జొన్నచొప్ప, నీళ్ళు, పైకప్పు మాత్రమే ఉన్నాయి. దాణా మనమే తెచ్చి ఇవ్వాలి, గుర్రాన్ని చూసుకునే సైసుకూ లాడాలు కొట్టేవారికీ విడిగా చెల్లించాలి. రెండవ చోట ఉలవలు, గోధుమ తవుడు, రోజూ ఒళ్ళు రుద్దే మాలీసు, ఉదయం నడిపించడం అన్నీ రుసుములోనే ఉన్నాయి. లెక్క కట్టి చూస్తే చవకన్నదే ప్రియమైంది.

ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. గుర్రానికి మేత, దాణా కలిపి ఎండు బరువులో రోజుకు దాని శరీర బరువులో సుమారు 2 శాతం కావాలి. 350 కిలోల గుర్రానికి అది రోజుకు 7 కిలోలు, నెలకు 210 కిలోలు. మన ప్రాంతంలో చొప్ప ధర తెలియని ఇల్లు ఉండదు కదా! లాయం వారు చెప్పిన రుసుము ఆ మేతకే చాలకపోతే, కోత పడేది గుర్రం కడుపుకే.

మేత ఎంత పెడుతున్నారన్నదే కాదు, ఎలా నిల్వ చేస్తున్నారన్నదీ చూడాలి. ఒక లాయంలో చొప్ప కట్టలను వాననీరు ఊరే నేల మీదనే పేర్చారు. అడుగు కట్టను విడదీస్తే తెల్లని బూజు పొడిలా లేచింది. గుర్రం వాంతి చేసుకోలేని జంతువు. చెడిన మేత తిని కడుపుశూల వస్తే ప్రాణం మీదికి వస్తుంది. అలాగే ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి గిట్టలు చెక్కించాలి. ఆ ఖర్చు ఎవరిదో ముందుగా మాట్లాడుకోకపోతే, నీవంటే నీవని ఇద్దరూ ఊరుకుంటారు.

చాతుర్మాసంలో పెళ్ళిళ్ళు ఉండవు, రాబడీ ఉండదు. ‘గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు’ అన్నట్లు రుసుము మాత్రం ఆగదు. నిజానికి పని లేని గుర్రానికి దాణా తగ్గించి, మేత పెట్టి, నడక మానిపించకుండా ఉండాలి. పనిలేని రోజులలో కూడా పూర్తి దాణా పెట్టి కట్టివేస్తే కండరాలకు, గిట్టలకు జబ్బు చేస్తుంది. కనుక ఆ నాలుగు నెలలకు దాణా మేరకు తగ్గించిన ధర అడగడం పిసినారితనం కాదు.

ధర కన్నా ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. కొత్త గుర్రాన్ని లాయంలోకి తీసుకునే ముందు గ్లాండర్స్ అనే అంటువ్యాధికి చేసే రక్తపరీక్ష ఫలితం చూస్తున్నారా? అది మనుషులకు కూడా సోకే వ్యాధి. నిర్ధారణ అయిన గుర్రాన్ని బతకనివ్వరు. జాతరలో నానా ప్రాంతాల గుర్రాలు ఒకచోట చేరే మన జిల్లాలో ఆ కాగితం అడగని లాయం ఎంత చవకగా దొరికినా నేను నా గుర్రాన్ని అక్కడ కట్టను.

1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం యజమాని అంటే సొంతదారు ఒక్కరే కాదు, ఆ సమయంలో జంతువు ఎవరి అధీనంలో ఉంటే వారు కూడా. చాలినంత మేత, నీరు, నీడ ఇవ్వకపోవడం నేరమని అదే చట్టం చెబుతోంది. అంటే నెల డబ్బు ఇచ్చేశామని మనమూ, గుర్రం మాది కాదని లాయం వారూ తప్పించుకోలేము.

కాబట్టి లాయాల వారు రోజువారీ మేత, దాణా తూకం, మాలీసు, నడక, గిట్టల పని, నట్టల మందు, టీకాలు, రాత్రి పూట కావలి, వైద్యుడిని పిలిస్తే ఆ ఖర్చు ఎవరిది అన్న వివరాలను మరాఠీ, తెలుగు రెండు భాషలలోనూ ఒక కాగితం మీద రాసి, డబ్బు తీసుకునే ముందే సంతకం చేసి ఇవ్వాలని కోరుతున్నాను. తాలూకా పశువైద్యశాలల వారు అటువంటి నమూనా పత్రమొకటి తయారు చేసి, మాళెగాం జాతర మొదలయ్యేలోగా గోడ మీద అంటిస్తే, కొత్తగా గుర్రం కొనబోయేవారు బేరానికి ముందే దానిని చదువుకోగలుగుతారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
దెగ్లూర్, నాందేడ్ జిల్లా