ఫ్లోరైడ్ మరకలు పోతాయన్న ఆ మాట మీ పెట్టె మీంచి తీసేయండి

కస్టమర్ కేర్ వారికి, అలాగే ఆ పెట్టె మీద ఏం రాయాలో నిర్ణయించే వారికి,

నమస్కారం. పోయిన నెల మీ సైట్‌లో 1,499 రూపాయలు పెట్టి పళ్ళు తెల్లబరిచే కిట్ కొన్నాను. మూడు జెల్ సిరంజీలు, నోట్లో పెట్టుకునే ట్రే, ఒక నీలం లైటు వచ్చాయి. "టీ, కాఫీ, గుట్కా, ఫ్లోరైడ్, ఏ మరకైనా 14 రోజుల్లో మాయం" అని మీ యాడ్‌లోనూ, పెట్టె మీదా ఉంది. అందులో ఫ్లోరైడ్ అనే ఒక్క మాట చూసి కొన్నాను.

మాది నల్లగొండ జిల్లా, మర్రిగూడ మండలం. నేను 1998లో పుట్టాను, అప్పట్లో ఇంట్లో తాగడానికీ వండుకోవడానికీ ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరింగు నీళ్ళే. మిషన్ భగీరథ నల్లా వచ్చేసరికి నా పళ్ళు ఎప్పుడో వచ్చేశాయి, ముందు పళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు చారలు, వాటి పక్కన సున్నం పూసినట్టు తెల్ల మచ్చలు. స్కూల్ ఫోటోలన్నిటిలో నోరు మూసుకునే ఉంటాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నా నవ్వొస్తే చెయ్యి దానంతటదే నోటికి అడ్డం వెళ్తుంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ యాడ్ చూసి ఎలాంటివాళ్ళు డబ్బు పెడుతున్నారో మీకు తెలియాలి.

మీరు రాసినట్టే రోజూ రాత్రి 30 నిమిషాలు పెట్టుకున్నాను. మూడో రోజుకే చల్లనీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమన్నాయి. ఐదో రోజు ట్రే అంచు తగిలే చోట చిగురు తెల్లగా పాలిపోయి ఒకటే మంట. గోధుమ చారలు చెక్కుచెదరలేదు, తెల్ల మచ్చలు మాత్రం ముందుకంటే కొట్టొచ్చినట్టు కనిపించాయి. టెన్షన్‌తో మీ నంబర్‌కి ఫోన్ చేస్తే "45 నిమిషాలు పెట్టుకోండి మేడమ్, మొండి మరకలకి రెండో కిట్ కూడా కావాలి" అన్నారు. ఫోన్లో మాట్లాడిన అమ్మాయి మీద నాకు కోపం లేదు, ఆమెకి ఇచ్చింది ఆమె చదివింది. అది రాసిచ్చినవాళ్ళ మీదే నా కోపం. చిగురు కాలిందని చెప్పిన మనిషితో ఇంకో పావుగంట ఎక్కువ పెట్టుకోమంటారా?

కిట్ ఆపేసి డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళాను. టీ మరక పన్ను పైన అంటుకుంటుంది, ఫ్లోరైడ్ మచ్చ అలా కాదు, చిన్నప్పుడు దవడలో పన్ను తయారవుతున్నప్పుడే ఎనామెల్‌లో, అంటే పన్ను పై గట్టి పొరలో పడిపోతుంది, ఎనిమిదేళ్ళ వయసు వచ్చేసరికి జరగాల్సింది దాదాపు జరిగిపోయి ఉంటుంది అని ఆవిడ ఓపిగ్గా చెప్పారు. జెల్ వల్ల పన్నులో తడి తగ్గి తెల్ల మచ్చలు మొదట్లో ఇంకా ఎక్కువగా కనిపిస్తాయట. నాలాంటివాళ్ళకి పై పొరను సన్నగా అరగదీసే మైక్రోఅబ్రేషన్, లేదా మచ్చలోకి రెసిన్ అనే ద్రవం ఎక్కించి గట్టిపరచడం, మరీ ఎక్కువుంటే పన్ను మీద అతికించే పల్చటి పెంకులు, అంటే వెనీర్లు ఉన్నాయి, అవసరమైతే బ్లీచింగ్ కూడా కలుపుతారు, కానీ పన్ను చూసి చేయాల్సిన పని అది. జెల్‌లో పళ్ళని తెల్లబరిచే మందు, పెరాక్సైడ్, ఎంత శాతం ఉందని ఆవిడ అడిగితే పెట్టె అటూ ఇటూ తిప్పి చూశాం, ఎక్కడా లేదు. యూరప్‌లో 0.1 శాతం దాటితే జనానికి నేరుగా అమ్మనివ్వరు, 6 శాతం వరకూ డెంటిస్ట్ ద్వారానే, అదీ 18 ఏళ్ళు నిండినవాళ్ళకే. మీరు ఆ అంకె కూడా చెప్పకుండా ఇంటికి పంపిస్తున్నారు.

నీళ్ళలో ఫ్లోరైడ్‌ని పటిక, సున్నంతో తీసే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. నీళ్ళలోంచి తీయడానికే అంత కష్టపడ్డారు. పంట్లో కలిసిపోయినదాన్ని 14 రోజుల్లో తీస్తామని మీరు ఏ పరీక్ష చేసి రాశారో నాకు చూపించండి.

నా 1,499తో పాటు డాక్టర్ ఫీజు, మందుల ఖర్చు వెనక్కి ఇవ్వాలి. పెరాక్సైడ్ శాతం పెట్టె మీద తెలుగులో కూడా వేయాలి. అన్నిటికంటే ముందు ఆ యాడ్‌లోంచి, పెట్టె మీంచి ఫ్లోరైడ్ అనే మాట తీసేయాలి, డబ్బు ఇచ్చి ఇది వదిలేస్తే నేను ఒప్పుకోను. మా మండలంలో పెళ్ళి చూపుల ముందు ఇలాంటివి కొనే ఆడపిల్లలు నాకు తెలుసు.

బిల్లు, చిగురు ఫోటోలు, డాక్టర్ చీటీ జత చేశాను. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను.

ఇట్లు,
మర్రిగూడ మండలం నుంచి మీ కిట్ కొన్న ఒక కస్టమర్