ముకుతాడుతో రాటకు కట్టొద్దు

సంపాదకులు గారికి,

మొన్న మీ సేద్యం పేజీలో గాలికుంటు టీకాల మీద వేసిన వ్యాసం చదివాను. నాలుగు నెలలు నిండిన దూడ మొదలు అన్నిటికీ వేయించాలని, ఆరు నెలలకోసారి మళ్లీ వేయించాలని సరిగ్గానే రాశారు. కానీ 'టీకా వేసేటప్పుడు పశువును ముకుతాడుతో రాటకు గట్టిగా కట్టాలి' అన్న వాక్యం చూసి గుండె గుభేలుమంది. దాని పక్కన ఫొటో కింద 'కళ్లెంతో గేదె' అని ఇంకో ముక్క. గేదె మెడలో ఉన్నది పలుపండీ!

గోపాలమిత్రగా, అంటే పశువులకు ప్రాథమిక వైద్యం చేసే కార్యకర్తగా, పల్నాడు ఊళ్లలో తిరిగినవాణ్ని. ముకుతాడు వేసేది ముక్కు రెండు రంధ్రాల మధ్య మెత్తటి పొరకు కన్నం పొడిచి. దానికి పగ్గం కడితే బండి మీద కూర్చున్నవాడు చిన్నగా లాగినా ఎద్దు మాట వింటుంది. ఎందుకు వింటుంది? అక్కడ నొప్పి అంత ఉంటుంది కాబట్టి. అలాంటి తాడును రాటకు బిగించి, పైన సూది గుచ్చితే బెదిరిన పశువు వెనక్కి ఒక్క గుంజు గుంజుతుంది. పొర చిరిగి ముక్కు విచ్చుకుపోతుంది. అలా చిరిగిన ముక్కులకు మందు రాసిన చేతులు ఇవి. ఇక ఆ ఎద్దుకు ముకుతాడు వేయడానికి చోటే ఉండదు, సంతలో అడిగేవాడూ ఉండడు.

కట్టేయడానికి ఉన్నది పలుపు. ఒక కొసన కన్ను, రెండో కొసన ముడి. మెడ చుట్టూ తిప్పి ముడిని కంట్లో దూరుస్తారు. మెడకూ తాడుకూ మధ్య నాలుగు వేళ్లు దూరాలి. జనపనారతో పేనింది మేలు. ఇప్పుడు అందరూ వాడే నైలాన్ తాడు చెమట పీల్చదు, మెడ ఒరుసుకుపోతుంది, వానాకాలమైతే ఆ పుండులో పురుగులు పడతాయి. (మా ఇంట్లో గొడ్డును అమ్మితే పలుపు విప్పుకునే పంపేవాళ్లం, కొన్నవాడు తన తాడు తానే తెచ్చుకోవాలి.) టీకా రోజున పలుపుతో కట్టి, ఇంకో తాడు మూతి చుట్టూ తిప్పి తలను రాటకు ఆనించి పట్టుకుంటే చాలు. ఒక్క లాగుడుకు ఊడే ముడి వేయాలి. పని కాగానే విప్పేయాలి. మరీ పొట్టి తాడుతో గంటల తరబడి కట్టి ఉంచడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

కళ్లెం గుర్రానిది. ముందుపళ్లకూ దవడపళ్లకూ మధ్య ఉండే ఖాళీలో ఇనుప కడ్డీ పెడతారు. పొద్దస్తమానం నెమరేసే గేదె నోట్లో ఇనుము పెట్టేదెవరు?

మీ మొదటి పేజీలో ధరలకు కళ్లెం వేసుకోండి, పార్టీ పగ్గాలు ఎవరికైనా అప్పగించుకోండి, నాకేం అభ్యంతరం లేదు. సేద్యం పేజీని మాత్రం రైతు చదివి, వెళ్లి అలాగే చేస్తాడు. కాబట్టి వచ్చే విడత టీకాలు మొదలయ్యేలోపు ఈ సవరణ వేయండి. పలుపు ఎలా కట్టాలో ఫొటో కూడా వేస్తే చదవడం రానివాళ్లకూ అర్థమవుతుంది.

— ఒక మాజీ గోపాలమిత్ర, పల్నాడు జిల్లా