ఏప్రిల్‌లో మామత్‌కి వస్తున్న శీనుగాడికి

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ చూశా. "ఏప్రిల్ ఆఖర్లో మంచేం మిగులుతుంది బావా, డబ్బులు దండగేమో" అన్నావుగా, ఫోన్లో చెప్తే మధ్యలో అడ్డొస్తూనే ఉంటావు, అందుకే తీరిగ్గా రాస్తున్నా. మంచు ఉంటుందిరా బాబూ, బోలెడంత. కాలిఫోర్నియాలో ఉన్న ఈ మామత్ స్కీ కొండ శిఖరం 11,053 అడుగులు, కింద జనం లిఫ్టులెక్కే మెయిన్ లాడ్జ్ దగ్గరే దాదాపు 9,000, పైగా ముందువైపు స్లోపులు చాలావరకు ఉత్తరానికి తిరిగి ఉంటాయి కాబట్టి ఎండ నేరుగా తగలదు. 2022-23 సీజన్లో మెయిన్ లాడ్జ్ దగ్గర 715 అంగుళాల మంచు పడింది, ఆగస్టు 6 దాకా లిఫ్టులు తిప్పారు, జనం టీషర్టులు వేసుకుని స్కీ చేశారు. ప్రతి ఏడూ అంత రాదులే, కానీ ఏప్రిల్‌కి మాత్రం ఢోకా లేదు.

నువ్వు పట్టించుకోవాల్సింది టైమ్. జనవరిలో అయితే లిఫ్ట్ తెరవకముందే వెళ్ళి లైన్లో నిలబడాలి, ఏప్రిల్‌లో ఆ అలవాటు మానెయ్. పగలు ఎండకి పైపొర కరిగి నీళ్ళు లోపలికి దిగుతాయి, రాత్రి మళ్ళీ గడ్డకడుతుంది, ఇలా రోజులతరబడి జరిగి జరిగి మంచు పలుకులు లావెక్కి గుండ్రంగా కల్లుప్పులా తయారవుతాయి. పొద్దున్నే అవన్నీ ఒకదానికొకటి అతుక్కుని సిమెంటు గచ్చు అయిపోయి ఉంటాయి, దానిమీద స్కీ పెట్టావంటే గరగరమని చప్పుడు, పళ్ళు కూడా అదిరిపోతాయి. ఎండ కాసేపు తగిలాక పైన ఒక అంగుళం వదులవుతుంది చూడూ, అదే ఇక్కడివాళ్ళు కార్న్ అనేది, అప్పుడు చప్పుడే మారిపోతుంది, నీకొచ్చీరాని టర్నులు కూడా తెగ బాగొస్తాయి. ఆ సుఖం ఒక్కో స్లోప్ మీద గంటో గంటన్నరో, అంతే. తర్వాత అంతా బురద.

ఎలా తెలుస్తుందంటావా, చేతిలో ఉండే స్కీ కర్ర (పోల్) మొనతో పొడిచి చూడు. దిగకపోతే ఇంకో కాఫీ తాగు. అంగుళం దిగి ఆగితే పద. బూటు చీలమండ దాకా కూరుకుపోతుంటే అక్కడ్నుంచి జరుగు, ముఖ్యంగా నిటారు స్లోపుల మీద చిన్న చిన్న మంచు ఉండలు వాటంతటవే దొర్లుతుంటే అసలు ఆగకు, తడిమంచు జారే లక్షణం అది. ఇంకోటి, రాత్రి ఆకాశం నిర్మలంగా ఉందా మబ్బు పట్టిందా కూడా చూసుకోవాలి. మబ్బుంటే భూమి వేడి పైకి పోదు, మంచు సరిగ్గా గడ్డకట్టదు, పొద్దున్నుంచే చిత్తడి. చుక్కలు బాగా కనిపించిన రాత్రి తర్వాత రోజే మనది.

అందుకే ఇక్కడ సూర్యుడి వెనకాలే తిరగాలి. తూర్పు వైపు ఎండ ముందొస్తుంది కాబట్టి ఈగిల్, కేన్యన్ లాడ్జ్‌ల వైపు మొదలుపెడదాం. ఈగిల్ కిందన, సుమారు 8,000 అడుగుల దగ్గర ఉంది, అక్కడ మంచు ముందు పాడవుతుంది, సీజన్ చివర్లో ఆ లాడ్జ్ ముందే మూసేస్తారు కూడా, మూసేస్తే నేరుగా కేన్యనే. ఎండ ఎక్కేకొద్దీ మెయిన్ లాడ్జ్ వైపు జరిగి మధ్యాహ్నానికి వెనకవైపు చైర్ 14 లిఫ్ట్ దగ్గరికి చేరుకుందాం (ఇక్కడ లిఫ్టుల్ని ఇలా నంబర్లతో పిలుస్తారు). శిఖరం మాత్రం నా మాట విని ఆలస్యంగానే. కార్నిస్ బౌల్ అనే స్లోప్, చైర్ 23 కింద ఉండే నిటారు స్లోపులు గడ్డకట్టి ఉన్నప్పుడు జారిపడ్డావంటే మధ్యలో ఆగడం నీ చేతుల్లో ఉండదు. గాలెక్కువైతే పైకి వెళ్ళే గండోలా, అంటే తీగ మీద నడిచే పెట్టెల లిఫ్ట్, ఆపేస్తారు, అది వేరే సంగతి. నీకు పైన భయమేస్తే రోడ్ రన్నర్ అని చుట్టుతిరిగి దిగే దారుంది, సిగ్గుపడకు, మినరెట్స్ కొండలు చూస్తూ దిగొచ్చు.

మధ్యాహ్నం చదును మీద జాగ్రత్తరా. నీళ్ళు పట్టిన మంచు స్కీని కింద నుంచి పట్టేసుకుంటుంది, కాళ్ళు ఆగిపోతాయి, నువ్వు ఆగవు. వెచ్చటి టెంపరేచర్‌కి స్కీల అడుగున వేసే వ్యాక్స్ వేరే ఉంటుంది, అది వేయిద్దాం.

అన్నట్టు ఇది అగ్నిపర్వతం, తెలుసా? చైర్ 3 దగ్గర ఒక్కోసారి కుళ్ళిన గుడ్ల కంపు కొడుతుంది, నన్ను అనుమానించకు. లోపలి గ్యాసులు వచ్చే బిలం అక్కడుంది, 2006 ఏప్రిల్‌లో దాని చుట్టూ కంచె సరిచేస్తూ ముగ్గురు స్కీ పాట్రోల్ వాళ్ళు (కొండ మీద భద్రత చూసేవాళ్ళు) చనిపోయారు. కాబట్టి తాడు కట్టి ఉన్నచోట ఫొటోల కోసమైనా లోపలికెళ్ళొద్దు. ఈ రిసార్ట్ మొదలుపెట్టిన డేవ్ మెకాయ్ కథ కూడా గమ్మత్తు, ఆయన లాస్ ఏంజిలిస్ నీళ్ళ శాఖలో మంచు కొలిచే ఉద్యోగి, స్కీల మీద తిరుగుతూ ఎక్కడ ఎంత మంచుందో లెక్కగట్టేవాడు, అలా తిరిగి తిరిగి ఈ కొండనే ఖాయం చేసుకున్నాడు. 1955లో మొదటి చైర్ లిఫ్ట్ వేశాడు, 104 ఏళ్ళు బతికాడు మహానుభావుడు.

దారి విషయం. యోసెమిటీలోంచి అడ్డంగా పోదాం అన్నావు, కుదరదు, ఆ దారిలోని టయోగా పాస్ కనుమ ఆ టైమ్‌కి మంచులోనే మూసి ఉంటుంది. తాహో సరస్సు వైపు చుట్టుకెళ్ళి 395 హైవే పట్టుకోవాలి, కాబట్టి నీ ఫ్లైట్ శుక్రవారం పొద్దున్నదే తీసుకో, రాత్రిది తీసుకుంటే నేను ఎయిర్‌పోర్ట్‌కి రాను. సన్‌స్క్రీన్ గడ్డం కింద, ముక్కు కింద కూడా రాసుకోవాలి, మంచు మీద ఎండ కింద నుంచి కూడా కొడుతుంది.

చెల్లెమ్మని కూడా తీసుకురారా. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఈ మెత్తటి మంచే మేలు, పడినా పెద్దగా దెబ్బ తగలదు, చలికి వణకక్కర్లేదు, పది దాటాక మొదలయ్యే లెసన్ ఉంటే పేరిచ్చేద్దాం. మీ ఇద్దరి బూట్ సైజులూ ఇవాళే పంపు, వీకెండ్ కదా, రెంటల్స్ అయిపోతాయి.

నీ
రవి