వెనక ప్రహరీ వెంట గడ్డి ఎందుకు వదిలామంటే

తల్లిదండ్రులకు నమస్కారం.

బడి వెనక ప్రహరీ పొడవునా రెండు మీటర్ల మేర గడ్డి కోయించడం లేదేమని మీలో చాలామంది అడుగుతున్నారు. ఆ గడ్డి మిడతలకు, కీచురాళ్లకు వదిలాం.

వానలు పడగానే మట్టిలోని గుడ్లు పగిలి పిల్ల మిడతలు బయటికొస్తాయి. ఐదారుసార్లు కుబుసం విడిస్తేగాని వాటికి రెక్కలు రావు. ఆ వారాల్లో గడ్డి నేలమట్టంగా కోసినా, కలుపు మందు కొట్టినా ఎగిరిపోయే దారి లేక చస్తాయి. వాటితోపాటే మైనాకు, తెల్లకొంగకు, పాలపిట్టకు తిండి పోతుంది. నంద్యాల జిల్లా రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేసిన పచ్చికబీడు ఉంది. ఆ పిట్ట తిండిలోనూ మిడతలది పెద్ద వాటా. 2020లో టీవీల్లో చూసిన దండు ఎడారి మిడతలది. మన గడ్డిలో ఉండేవి ఆ జాతి కావు.

కోత జనవరిలోనే. అదీ ఒక ఏడు ఒక సగం, మరో ఏడు మరో సగం. కొడవలితో, జానెడు ఎత్తు వదిలి కోస్తారు. కోయని సగం వైపుకే కోసుకుంటూ పోవాలి. అప్పుడు పురుగులు ముందుకు గెంతి ఆ గడ్డిలో చేరతాయి. రెండు వైపుల నుంచీ కోసుకొస్తే నడుమ ఇరుక్కుంటాయి. ఎండిన ఆకు కింద కీచురాళ్లు దాక్కుంటాయి కాబట్టి చెత్త తగలబెట్టం. అక్కడక్కడా చాటంత మేర మట్టి ఖాళీగా కనబడుతుంది. ఆడ మిడత పొట్ట కొసను అక్కడే లోపలికి దించి, నురగలో చుట్టి గుడ్లు పెడుతుంది. దయచేసి అక్కడ మొక్కలు నాటించమని అడగకండి.

పాముల భయం సహజమే. అందుకే గడ్డికి, పిల్లలు నడిచే దారికి మధ్య మీటరున్నర నేలను వారం వారం చదునుగా కోయిస్తున్నాం. పిల్లలు దారి మీద నుంచే చూస్తారు, గడ్డిలో అడుగుపెట్టరు.

మిడతను వెనక కాలు పట్టి లేపితే కాలు ఊడిపోతుంది. రెక్కలొచ్చిన మిడతకు అది మళ్లీ రాదు. జిల్లేడు చెట్టు మీద పసుపు, నీలం చారలతో ఉండే మిడతను మాత్రం అసలు తాకనివ్వకండి. జిల్లేడు పాలలోని విషం దాని ఒంట్లో చేరి ఉంటుంది. కదిపితే ద్రవం చిమ్ముతుంది, కంట్లో పడితే ప్రమాదం. ఆడ కీచురాయి వెనక సూదిలా కనబడేది కొండి కాదు, గుడ్లు పెట్టే గొట్టం.

ఈ శని, ఆదివారాల్లో చీకటిపడ్డాక పెరటి లైటు పావుగంట ఆపి, పిల్లలతో కూర్చోండి. ఒకే కీచురాయిని ఎంచుకుని నిమిషానికి ఎన్నిసార్లు కూస్తుందో లెక్కించమనండి. వేడి పెరిగితే కూత వేగం పెరుగుతుంది, అందుకే ఫోన్లో కనబడే ఉష్ణోగ్రత కూడా పక్కన రాయించండి. కీచురాయి కాళ్లు రుద్ది అరుస్తుందని చాలామంది పిల్లలు అనుకుంటారు. అది రుద్దేది ముందు రెక్కలు. చెవులేమో ముంగాళ్ల మీద, మోకాలి కిందుగా ఉంటాయి.

లెక్క రాసిన కాగితాన్ని సోమవారం సైన్సు టీచరుకు ఇచ్చి పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు